కుంగే దీవి, ఎత్తే జాకీ

జపాన్‌లోని ఒసాకా నగరం కోసం కట్టిన కాన్సాయ్ విమానాశ్రయం గురించి రాసేవాళ్లు సాధారణంగా దాని పైకప్పుతో మొదలుపెడతారు. ఆ కప్పు అందం అలాంటిది. నేను నేలమాళిగతో మొదలుపెడతాను. ప్రయాణికులెవరూ అడుగుపెట్టని ఆ చోట, టెర్మినల్ బరువంతా మోసే దాదాపు 900 స్తంభాల మొదళ్లు ఉంటాయి. మామూలు భవనంలో స్తంభమూ పునాదీ కలిసి ఒకే కాంక్రీటు ముద్ద. విడదీయాలంటే పగలగొట్టాల్సిందే. ఇక్కడ స్తంభాన్ని పునాది మీద ఊరికే కూర్చోబెట్టి బిగించారు. బిగింపు వదులు చేసి, పక్కన హైడ్రాలిక్ జాకీలు పెట్టి, స్తంభాన్ని రవ్వంత లేపి, కింద ఉక్కు పలక దూర్చి, మళ్లీ దించి బిగించేయవచ్చు. 1994లో విమానాశ్రయం తెరిచాక ఈ పని విడతలు విడతలుగా సాగుతూనే ఉంది. పైన జనం బోర్డింగ్ పాసులు చూపించి, కాఫీ తాగి, విమానాలెక్కి వెళ్లిపోతుంటారు. తాము నిలబడ్డ భవనాన్ని కింద ఎవరో ఎత్తి సరిచేస్తుంటారని వాళ్లకు తెలిసే వీలే లేదు.

ఈ విద్య మనకూ కొత్త కాదు. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ, ఇల్లు పల్లంలో పడిపోయి, ప్రతి వానకూ వీధి నీళ్లు నట్టింట్లోకి వస్తుంటే, విజయవాడలోనో హైదరాబాదులోనో ఇంటాయన జాకీల వాళ్లను పిలిపిస్తాడు. వాళ్లు గోడల కింద వరసగా జాకీలు పెట్టి, రోజుకు కొంత చొప్పున ఇంటిని అడుగుల లెక్కన లేపి, కింద ఇటుకకట్టు కడతారు. చూడ్డానికి వీధంతా చేరుతుంది. అయితే మనం ఇల్లు కట్టుకునేటప్పుడు దాన్ని ఎప్పుడో ఎత్తాల్సి వస్తుందని అనుకోం. ముప్పు వచ్చాక దారి వెతుక్కుంటాం. కాన్సాయ్ కట్టినవాళ్లు ప్లాను గీసేటప్పుడే ఎత్తడం గురించి ఆలోచించారు. ఈ భవనం కుంగుతుంది, ఒక్కో మూల ఒక్కోలా కుంగుతుంది, ఎక్కడ ఎంత అన్నది లెక్క కట్టినా తప్పే అవకాశం ఉంది. కాబట్టి దిద్దుకునే వీలు ప్రతి స్తంభం మొదట్లోనూ ఉండాలి అనుకున్నారు. నన్నడిగితే, కాన్సాయ్‌లో అన్నిటికన్నా గొప్ప పనితనం ఆ నిర్ణయంలో ఉంది.

అంత ముప్పు తెలిసి సముద్రంలోనే ఎందుకు కట్టారంటే, నేల మీద చోటు లేక. ఒసాకాకు అంతకుముందు నుంచీ ఇతామి విమానాశ్రయం ఉంది. చుట్టూ ఊరు పెరిగిపోయింది. జెట్ విమానాలు వచ్చాక ఆ మోతకు నిద్ర పట్టని ఇళ్లవాళ్లు 1960ల చివర్లో కోర్టుకెక్కారు. చివరికి రాత్రి 9 నుంచి ఉదయం 7 దాకా అక్కడ విమానాలు ఎగరకూడదన్న నియమం వచ్చింది. ఇంకో పక్క టోక్యో దగ్గర నరితాలో విమానాశ్రయానికి భూములివ్వబోమని రైతులు ఏళ్ల తరబడి పోరాడారు, ప్రాణాలు పోయాయి. ఈ రెండూ చూసిన ప్రభుత్వం ఒసాకా కొత్త విమానాశ్రయాన్ని తీరానికి ఐదు కిలోమీటర్ల దూరంలో, ఒసాకా అఖాతంలో, ఎవరి ఇంటి మీదుగానూ విమానం వెళ్లనక్కర లేని చోట కట్టాలనుకుంది. అక్కడైతే రాత్రీ పగలూ విమానాలు దిగవచ్చు, ఎగరవచ్చు. ఎగిరిన విమానం భూమి మీదికి వచ్చేలోపు నీళ్ల మీదే పైకి ఎక్కేలా దారులు గీశారు. నిద్ర పట్టని ఇతామి ఇళ్ల కోసం వెతికిన చోటు ఇది. పట్టు లేని బురద నేల ఆ చోటుతో పాటే వచ్చింది.

అక్కడ నీటి లోతు సగటున 18 మీటర్లు. ఆ నీటి అడుగున దాదాపు 20 మీటర్ల మందాన మెత్తటి బంకమట్టి. దాని కింద, ఇంకా పాత కాలపు బంకమట్టీ ఇసకా పొరలు పొరలుగా, వందల మీటర్ల లోతు దాకా. పైల్స్ దించి గట్టి రాతిని అందుకుందామంటే రాయి అందే లోతులో లేదు. 1987లో పని మొదలైనప్పుడు ముందు చేసింది దీవి పోయడం కాదు, ఆ పై పొర బురదలోని నీటిని బయటికి రప్పించే ఏర్పాటు. తడి బంకమట్టి మీద బరువు పెడితే అది వెంటనే కుంగదు. లోపలి నీరు బయటికి పోయిన కొద్దీ కుంగుతుంది. బంకమట్టిలోంచి నీరు కదలడమంటే మహా నిదానం. అందుకని ఆ పొర పొడవునా నిలువుగా ఇసక స్తంభాలు దించారు, రెండున్నర మీటర్లకు ఒకటి చొప్పున, లక్షల కొద్దీ. పైన మట్టి బరువు పడగానే బంకమట్టిలోని నీరు పక్కనే ఉన్న ఇసకలోకి దూరి, ఇసక వెంట పైకి వచ్చేస్తుంది. దశాబ్దాలు పట్టే కుంగుదల నెలల్లో తేలిపోతుంది.

అది తేలాక, కొండలు తవ్విన రాయినీ మట్టినీ పడవల మీద తెచ్చి, చుట్టూ కట్టిన గట్టు లోపల పోశారు. మొదటి దీవికే దాదాపు 18 కోట్ల ఘనపు మీటర్లు పట్టింది. దీవి వైశాల్యం 510 హెక్టార్లు, అంటే 1,260 ఎకరాలు. భాగించి చూస్తే సగటున 30 మీటర్లకు పైగా ఎత్తు మట్టి. పది అంతస్తుల మేడంత పోగు అనుకోండి, అందులో ఎక్కువ భాగం కంటికి కనబడదు, నీళ్లలోనూ బురదలోనూ ఉంది.

పై పొర బురద చెప్పినట్టే విన్నది. కింది పాత పొరలు వినలేదు. అంత లోతుకు ఇసక స్తంభాలు వెళ్లవు. ఆ పొరల్లోని నీరు తన దారి తను చూసుకుంటూ పోవాల్సిందే. పై బరువుకు అవి ఎంత కుంగుతాయో, ఎన్నేళ్లు కుంగుతాయో ముందే వేసిన అంచనాలు తప్పాయి. దీవి అనుకున్నదాని కన్నా ఎక్కువ దిగింది. తెరిచిన ఏడాది దాని వేగం ఏడాదికి 50 సెంటీమీటర్ల దగ్గర ఉంది. ఇప్పుడు 6 సెంటీమీటర్ల దరిదాపుల్లోకి వచ్చింది. పని మొదలైన రోజు నుంచి లెక్కిస్తే మొదటి దీవి సగటున 13 మీటర్ల పైచిలుకు కిందికి దిగింది. ఈ అంకె చూసి చాలామంది కాన్సాయ్‌ని ఇంజనీర్ల ఘోర తప్పిదంగా వర్ణిస్తారు. సముద్రంలో మునిగిపోతున్న విమానాశ్రయం అంటూ ఏటా ఏదో ఒక పత్రికలో శీర్షిక కనబడుతుంది. కుంగడం తెలియక కట్టారన్నట్టు ఉంటుంది ఆ రాతల ధోరణి. తెలిసే కట్టారు, ఎంత అన్నదే తెలియలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరంలోనే అక్కడి పనితనమంతా ఉంది.

దీవి మొత్తం ఒకే తీరున కుంగితే భవనానికి నొప్పి లేదు. లిఫ్టులో నిలబడ్డ మనిషికి మోకాళ్లు నొప్పి పుట్టవు కదా. ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా కుంగితేనే గోడలు బీటలిస్తాయి, తలుపులు పట్టేస్తాయి, అద్దాలు పగులుతాయి. టెర్మినల్ పొడవు 1.7 కిలోమీటర్లు. అంత పొడుగు భవనం కింద నేల అంతటా ఒకే రకంగా ప్రవర్తిస్తుందని ఆశపడటం కుదరదు. దానికి తోడు భవనమే ఒక చిక్కు తెచ్చిపెట్టింది. బేస్‌మెంట్ కోసం తవ్వి తీసిన మట్టి బరువు కన్నా దాని స్థానంలో వచ్చిన భవనం బరువు తక్కువ. లోపలంతా ఖాళీ గదా. అంటే భవనం ఉన్న చోట నేల మీద భారం తగ్గి, చుట్టుపక్కల కన్నా అది నిదానంగా కుంగుతుంది. చుట్టూ నేల దిగిపోతుంటే భవనం మాత్రం పైకి తేలుతున్నట్టు మిగిలిపోతుంది. దీనికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు చూడండి: భవనం అడుగున ఇనుప ఖనిజం పరిచారు. తేలికైన చోట బరువు చేర్చారు. భవనాలు తేలిగ్గా ఉండాలని తంటాలు పడే వృత్తిలో, చుట్టూ ఉన్న నేలతో సమంగా దిగడం కోసం కావాలని బరువు కలిపిన సందర్భాలు అరుదు.

అయినా తేడాలు వస్తూనే ఉంటాయి. అక్కడికి జాకీలు అందుకుంటాయి. ఏ స్తంభం పొరుగు స్తంభంతో పోలిస్తే ఎంత దిగిందో కొలుస్తూ ఉంటారు. తేడా హద్దు దాటిందనుకున్న చోట ఎత్తుతారు. ఒక్కసారి ఎత్తేది మిల్లీమీటర్ల లెక్కన. ఒక స్తంభాన్ని ఎత్తితే దాని పొరుగు స్తంభాల మీద పడే బరువు మారుతుంది, కాబట్టి దేని తరవాత దేన్ని, ఎంతెంత లేపాలో వరస ఉండాలి. స్తంభంతో పాటే కదిలే నీటి గొట్టాలకూ కరెంటు తీగలకూ గోడలకూ కొంత ఆట ఉండాలి. ఇదంతా జరుగుతుండగా పైన చెక్-ఇన్ కౌంటర్లు మూతపడకూడదు. ఇందులో ఎక్కడా చూపరులను మురిపించే ఘట్టం లేదు. మేస్త్రీ రసమట్టం పెట్టి చూసుకుని, ఇంకొంచెం అని సైగ చేసి, చాలు అనేంతవరకే. కానీ ఆ పని ముప్పై ఏళ్లుగా ఎవరో ఒకరు చేస్తూనే ఉన్నారు, రిటైరైన వాళ్ల చేతిలోంచి కొత్తవాళ్ల చేతిలోకి అందుతూనే ఉంది.

దీవి దిగిన కొద్దీ సముద్రం దగ్గరవుతుంది. భూమి లోపలి నుంచి నీరు ఊరి రాకుండా మొదటి దీవి చుట్టూ నేలలోకి దిగే అడ్డుగోడ కట్టారు, లోపలి నీటిని పంపులతో తోడుతారు. ఇక ఆ కప్పు సంగతికి వద్దాం.

టెర్మినల్ నమూనా కోసం 1988లో పోటీ పెట్టారు. అప్పటికి దీవి లేదు. కట్టడం నిలబడబోయే చోట పడవలు తిరుగుతున్నాయి. గెలిచింది రెంజో పియానో. జెనోవా రేవు పట్టణంలో, ఇళ్లు కట్టించే కుటుంబంలో పుట్టినవాడు. తన ఆఫీసుకు బిల్డింగ్ వర్క్‌షాప్ అని పేరు పెట్టుకున్నాడు. జపాన్ పనిని నొరియాకి ఒకాబే నడిపించాడు. ఇంజనీరింగ్ ఆరుప్ సంస్థది, అందులో పీటర్ రైస్ పేరు ముందు చెప్పాలి. సిడ్నీ ఒపేరా హౌస్ కప్పు దగ్గర పని నేర్చుకుని, పారిస్ పాంపిడూ సెంటర్‌లో పియానోతో కలిసి పనిచేసిన ఐరిష్ ఇంజనీరు. కాన్సాయ్ తెరుచుకోక ముందే, 1992లో చనిపోయాడు.

పై నుంచి చూస్తే భవనం రెక్కలు చాచి దీవి మీద వాలిన గ్లైడర్‌లా కనబడుతుంది. ఫొటోల్లో అందరూ ఆ ఆకారాన్ని మెచ్చుకుంటారు. నాకు నచ్చింది దాని వెనక ఉన్న పొదుపు. కప్పు రెండు వైపులా వంపు తిరిగి ఉంటుంది. అడ్డంగా అల పడి లేచినట్టూ, నిలువుగా మధ్యలో ఎత్తుగా ఉండి రెక్కల చివర్లకు పోయిన కొద్దీ వాలినట్టూ. అలాంటి కప్పును రేకులతో కప్పాలంటే మామూలుగా ప్రతి రేకూ వేరే కొలతతో కోయాలి. వేల కొలతలు, వేల పొరపాట్లు. పియానో, రైస్ బృందం ఆ వంపును ఒక పెద్ద ఉంగరం నుంచి తీసుకున్నారు. 16.4 కిలోమీటర్ల వ్యాసార్ధం గల ఉంగరాన్ని ఊహించి, దాన్ని నేలకు 68 డిగ్రీల వాలులో నిలిపి, అందులో నేల పైకి పొడుచుకొచ్చే చిన్న ముక్కను మాత్రం కప్పుగా వాడుకున్నారు. ఉంగరం మిగతా భాగమంతా లెక్కల్లో భూమి లోపల ఉంది. అంత పెద్ద వృత్తంలో వంపు ఎంత నిదానమంటే, చిన్న రేకుకు అది తెలియను కూడా తెలియదు. ఫలితం, కప్పు మీద ఉన్న 82 వేలకు పైగా స్టెయిన్‌లెస్ స్టీల్ రేకులు అన్నీ ఒకే కొలత. దాదాపు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఏ రేకునైనా ఎక్కడైనా వేయవచ్చు. ఏదైనా పాడైతే గోదాములోంచి ఇంకొకటి తెచ్చి బిగించవచ్చు.

ఈ కప్పును జాకీలతో కలిపి ఎవరూ మెచ్చుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది. రెండింటి స్వభావం ఒకటే. తరవాత మరమ్మతు చేయబోయే మనిషిని ముందే గుర్తుపెట్టుకుని చేసిన పనులవి. వంపు రెక్కల చివర్లకు వాలడానికి కూడా సొగసు ఒక్కటే కారణం కాదు. కంట్రోల్ టవర్‌లో కూర్చున్నవాళ్లకు టెర్మినల్ పక్కన ఆగిన విమానాల తోకలు కనబడాలి. భవనం అంతటా ఒకే ఎత్తుంటే చివరి విమానాలు దాని చాటున పడిపోతాయి.

లోపల, బయలుదేరే ప్రయాణికుల పెద్ద హాలు మీద కప్పును మోసే తెల్లటి ఉక్కు దూలాలు 80 మీటర్లకు పైగా దూరాన్ని మధ్యలో స్తంభం లేకుండా దాటుతాయి. అవి కూడా వంపు తిరిగే ఉంటాయి. ఆ వంపు గాలి నేర్పింది. పెద్ద హాలును చల్లబరచాలంటే కప్పు నిండా రేకుల గొట్టాలు వేలాడదీయడం మామూలు పద్ధతి. ఇక్కడ ఆరుప్‌కు చెందిన టామ్ బార్కర్ బృందం, ఒక పక్క నుంచి గాలిని చిమ్మితే అది కప్పును అంటిపెట్టుకుని ఎంత దూరం పోయి ఎలా కిందికి వాలుతుందో లెక్కించి, కప్పు వంపును ఆ దారికి సరిపెట్టారు. గొట్టాలు అక్కర్లేకుండా పోయాయి. వాటికి బదులు తెల్లటి బట్ట తెరలు తెరచాపల్లా కప్పు కింద పరుచుకుని గాలికి దారి చూపిస్తాయి. రాత్రిపూట పైకి వేసిన దీపాల వెలుగును అవే కిందికి తిప్పి పంపుతాయి. శిల్పి సుసుము షింగు చేసిన తేలికపాటి కదిలే శిల్పాలు ఆ తెరల కింద వేలాడుతూ మెల్లగా ఊగుతుంటాయి. వాటిని అలంకారమనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి గాలి ఎటు పోతున్నదీ వాటిని చూసి తెలుసుకోవచ్చు. ఏసీ సరిగా పనిచేస్తోందా అని ఎవరైనా అడిగితే తల పైకెత్తి చూస్తే చాలన్నమాట.

అంత మెచ్చుకున్నాక ఒక మాట అనకపోతే న్యాయం కాదు. 1.7 కిలోమీటర్ల భవనం బొమ్మలో ఎంత బావున్నా, చివరి గేటు దాకా పోవాల్సిన ప్రయాణికుడికి అది దూరమే. అందుకే రెక్కల వెంబడి చిన్న రైలు నడుపుతారు. దాన్నుంచి కూడా కప్పు వంపు కొంచెం కొంచెంగా దిగుతూ రావడం కిటికీలోంచి కనబడుతుంది, అది ఓ ఊరట.

ఒసాకాకు విమానంలో వచ్చేవాళ్లకు కిటికీలోంచి చివరి క్షణం దాకా నీళ్లే కనబడతాయి. చక్రాలు నీళ్లను తాకుతాయేమో అనుకునేలోపు రన్‌వే కిందికి వస్తుంది. దిగి, సామాను తీసుకుని, ఎదురుగా ఉన్న స్టేషనులోకి నడిచి రైలెక్కితే, రైలు 3.75 కిలోమీటర్ల వంతెన మీదుగా తీరానికి చేరుతుంది. వంతెన రెండంతస్తులది, పైన కార్లు, కింద రైళ్లు. నాన్‌కాయ్ కంపెనీ వాళ్ల రాపిట్ రైలును వాస్తుశిల్పి హిరోయుకి వకబయాషి ముదురు నీలంలో, కోడిగుడ్డు ఆకారపు కిటికీలతో, ఇనుప శిరస్త్రాణం తొడుక్కున్న ముఖంతో తయారుచేశాడు. విమానాశ్రయం తెరిచిన రోజే, 1994 సెప్టెంబర్ 4న అదీ పట్టాలెక్కింది. పిల్లలకు ఆ రైలంటే ప్రాణం. పెద్దవాళ్లూ దాని ముందు నిలబడి ఫొటో దిగకుండా వెళ్లరు.

తెరిచి నాలుగున్నర నెలలైనా కాకముందే, 1995 జనవరి 17 తెల్లవారుజామున భూకంపం వచ్చింది. అఖాతానికి అవతలి ఒడ్డున కోబె నగరం తీవ్రంగా దెబ్బతింది. ఎత్తు మీద కట్టిన హైవే పక్కకు ఒరిగిపోయింది. 6,400 మందికి పైగా చనిపోయారు. అదే అఖాతంలోని పోత నేల మీద నిలబడ్డ టెర్మినల్‌కు చెప్పుకోదగ్గ నష్టం జరగలేదు. నేల ఎటు కదిలినా తట్టుకునేలా కట్టిన ఒళ్లు కావడం దానికి కలిసొచ్చి ఉంటుంది.

గాలీ అలలూ కలిసి వచ్చిన రోజు మాత్రం కాన్సాయ్ ఓడింది. తేదీ మళ్లీ సెప్టెంబర్ 4, సంవత్సరం 2018. జెబి తుపాను ఒసాకా అఖాతం మీదుగా సాగింది. ఉప్పెనకు అలలు తోడై గట్టు దాటి వచ్చాయి. మొదటి రన్‌వే నీళ్లలో మునిగింది. నీరు టెర్మినల్ బేస్‌మెంట్‌లోకి దిగి కరెంటు గదులను ముంచింది. అదే గాలికి లంగరు జారిన హౌన్ మారు అనే ట్యాంకరు ఓడ కొట్టుకొచ్చి వంతెనను గుద్దింది. బయటికి పోయే దారి తెగిపోయి దాదాపు 8 వేల మంది ఆ రాత్రంతా దీవిలో చిక్కుకుపోయారు. మరునాడు బస్సుల్లో, కోబె వైపు వేగపు పడవల్లో వాళ్లను తరలించారు. ముప్పు అంతా కింది నుంచే వస్తుందని కాచుకున్న ఇంటికి అది పక్క నుంచి వచ్చింది. కుంగుతున్న నేలలోనే కీలకమైన కరెంటు యంత్రాలను ఉంచడం నా దృష్టిలో ఈ కట్టడంలోని ఒకే ఒక పెద్ద లోపం. స్తంభాలను పైకి ఎత్తే ఏర్పాటు చేసిన మనుషులు స్విచ్‌బోర్డులను కింద వదిలేశారు.

ఆ తరవాత చేసిన పని కూడా వాళ్ల తీరులోనే ఉంది. మూడు రోజుల్లో రెండో రన్‌వే మీద కొన్ని విమానాలు తిరిగాయి. విరిగిన వంతెన ముక్కలను తీసి, కొత్తవి చేయించి తెచ్చి పెట్టారు. రైళ్లు రెండు వారాల్లోనే నడిచాయి, రోడ్డు పూర్తిగా మామూలుకు రావడానికి మరుసటి ఏడాది ఏప్రిల్ అయింది. గట్టు ఎత్తు పెంచారు, రన్‌వేను లేపారు, కరెంటు యంత్రాలను నీరు చేరని చోటికి మార్చారు. ఇక్కడా ఎత్తడమే.

సామాను గురించి చెప్పకుండా కాన్సాయ్ పనితనం గురించి చెప్పినట్టు కాదు. మనవాళ్ల సూట్‌కేసు దేశం దాటేటప్పుడు ఎలా ఉంటుందో తెలిసిందే. పిడికి ఎర్ర రిబ్బనో పసుపు తాడో, మూత చుట్టూ టేపు, లోపల ఎన్ని కవర్లు చుట్టినా పచ్చడి నూనె కారుతుందేమోనన్న బెంగ. బెల్టు దగ్గర నిలబడి తమ పెట్టె వచ్చేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లలో మనం ముందుంటాం. కాన్సాయ్‌లో 1994లో తెరిచినప్పటి నుంచి విమానాశ్రయం తప్పు వల్ల పోయిన పెట్టె ఒక్కటీ లేదని ముప్పై ఏళ్లు నిండిన 2024లో వాళ్లు ప్రకటించుకున్నారు. దారిలో వేరే ఊళ్లో విమానం మారేటప్పుడు తప్పిపోయినవి ఈ లెక్కలోకి రావు, ఆ మాటా చెప్పాలి. అయినా కోట్ల పెట్టెలు చేతులు మారే చోట అది చిన్న సంగతి కాదు. అదే ఏడాది స్కైట్రాక్స్ సంస్థ సామాను అందించడంలో ఈ విమానాశ్రయానికే ప్రపంచంలో మొదటి స్థానం ఇచ్చింది.

దీని వెనక ప్రత్యేకమైన యంత్రమేమీ లేదు. విమానం కడుపులోంచి ఎన్ని పెట్టెలు రావాలో కాగితం మీద ఉంటుంది. వచ్చినవి ఎన్నో లెక్కపెడతారు. ఒకరు లెక్కపెడితే సరిపోదు, ఒక్కో విమానానికి ఇద్దరో ముగ్గురో తమ లెక్కలు ఒకరికొకరు చెప్పుకుంటారు. తేడా వస్తే వెంటనే వెతుకుతారు, బెల్టు మీదా బండి మీదా విమానంలోనా, దొరికేదాకా. విమానం ఆగాక పావుగంటలో సామాను బెల్టు మీదికి చేరాలన్నది వాళ్లు పెట్టుకున్న గురి. వానలో తడిసిన పెట్టెను తుడుస్తారు. బెల్టు మీద పెట్టేటప్పుడు పిడి ప్రయాణికుడి వైపు తిరిగి ఉండేలా పెడతారు, చెయ్యి చాపి లాగితే వచ్చేలా. పిల్లల బండ్లూ, వాయిద్యాలూ బెల్టెక్కవు, మనిషి చేతుల మీదుగా వస్తాయి. పిడి తిప్పి పెట్టడానికి పట్టేది ఒక క్షణం. ఆ క్షణం ఆదా చేద్దామనుకునే మేనేజరు ఏ కంపెనీలోనైనా దొరుకుతాడు. ముప్పై ఏళ్లలో అలాంటివాడు ఇక్కడ గెలవలేదు.

చివరగా రెండో దీవి. రెండో రన్‌వే కోసం మొదటి దీవి పక్కనే, ఇంకా లోతు నీళ్లలో పోశారు. అది 2007 ఆగస్టులో తెరుచుకుంది. ఇప్పటిదాకా అది 17 మీటర్లకు పైగా దిగింది, ఇప్పటికీ ఏడాదికి 20 సెంటీమీటర్ల పైన దిగుతోంది. దాని మీద 2012లో చవక విమానాల కోసం కట్టిన రెండో టెర్మినల్‌కు పియానో కప్పులాంటిది ఏమీ లేదు. ఒకే అంతస్తు. విమానం దాకా తీసుకుపోయే ఎయిరోబ్రిడ్జి ఉండదు, ప్రయాణికుడు ఎండో వానో నడిచి వెళ్లి మెట్లెక్కాలి. మొదటి టెర్మినల్ చూసినవాళ్లకు అది షెడ్డులా కనబడుతుంది, విమానాశ్రయం పేరు పాడుచేస్తోందని పెదవి విరిచినవాళ్లూ ఉన్నారు. నాకు అలా అనిపించదు. ఇంకా స్థిమితపడని నేల మీద తేలికగా, పొట్టిగా, కావాలంటే విప్పి సరిచేసుకునేలా కట్టడం, పక్క దీవిలో స్తంభాల కింద జాకీలు పెట్టిన బుద్ధే. కుంగుదల నెమ్మదించాక ఆ దీవి మీద ఏం కట్టాలో అప్పటివాళ్లు చూసుకుంటారు. ఈలోగా చవక టికెట్టు కొన్న కుర్రకారు వీపున బ్యాగు తగిలించుకుని ఆ షెడ్డులోంచే సియోల్‌కో ఒకినావాకో వెళ్లి వస్తున్నారు.